యూనివర్సిటీ లైబ్రరీ ద్వారా జర్నల్ వ్యాసాలు వెతకడం ఎలా? నల్గొండ, పాలమూరు విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

"టాపిక్ ఓకే అయింది సార్, ఆర్టికల్సే దొరుకుతలేవు." నల్గొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనూ, మహబూబ్‌నగర్ పాలమూరు యూనివర్సిటీలోనూ, వాటి పరిధిలోని పీజీ కాలేజీల్లోనూ సినాప్సిస్ రాసే రోజుల్లో వినపడే మాట ఇదే. నిజానికి వ్యాసాలు లేకపోవడం అరుదు. మనం వెతికే మాట ఒకటైతే, వ్యాసం రాసినవాళ్లు వాడిన మాట ఇంకొకటి అవుతుంది. అసలు చిక్కు అక్కడే ఉంది. ఒకవేళ వ్యాసం కనపడినా డబ్బులు అడిగే పేజీ చూసి చాలామంది వెనక్కి వచ్చేస్తారు. ఈ రెండింటి గురించే ఇక్కడ ఎక్కువగా చెప్తాను.

ఒక్క గమనిక. కింద తెలుగు లిపిలో ఇచ్చిన సెర్చ్ పదాలను, తెలుగు విషయాల దగ్గర తప్ప, మీరు ఇంగ్లిషులోనే టైప్ చేయాలి.

1. వెతకడానికి కూర్చునే ముందు

ముందు లైబ్రరీకి వెళ్లి లాగిన్ పని పూర్తి చేసుకోండి. దీన్ని వాయిదా వేసి, రాత్రి హాస్టల్లో ఫోన్ పట్టుకుని వెతకడం మొదలుపెడితే ప్రతి వ్యాసం దగ్గరా తలుపు మూసే ఉంటుంది. అనవసరమైన టెన్షన్.

2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం అమల్లో ఉంది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు, పరిశోధన సంస్థలకు 30 ప్రచురణ సంస్థల జర్నళ్లు, దాదాపు 13,000, దీని కింద అందుతాయి. ఎల్సెవియర్, స్ప్రింగర్ నేచర్, వైలీ, టేలర్ అండ్ ఫ్రాన్సిస్, సేజ్, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి వంటి పెద్ద సంస్థలన్నీ అందులో ఉన్నాయి. ఈ పని చూసేది గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్. కాలేజీల కోసం ఇదే సంస్థ ఈ-జర్నళ్లు, ఈ-పుస్తకాలు అందించే ఎన్-లిస్ట్ అనే సర్వీసు కూడా నడుపుతుంది. ఎన్-లిస్ట్ లాగిన్ కాలేజీ ద్వారానే వస్తుంది: విద్యార్థుల పేర్లు, ఈమెయిళ్లు లైబ్రేరియన్ నమోదు చేస్తే పాస్‌వర్డ్ మీ మెయిల్‌కి వస్తుంది. ప్రైవేటు కాలేజీల వాళ్లు కూడా ఒకసారి అడిగి చూడాలి.

లైబ్రేరియన్‌ని "ఆర్టికల్స్ కావాలి మేడం" అని అడిగితే ఆమె మాత్రం ఏం చెప్పగలరు? కింది ప్రశ్నలు రాసుకుని వెళ్లండి.

- మన సంస్థ వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌లో నమోదై ఉందా? నాకు లాగిన్ ఎలా ఇస్తారు?
- క్యాంపస్ వైఫైలో లాగిన్ లేకుండా తెరుచుకుంటాయా? ఏ కంప్యూటర్ల మీద?
- ఇంటి నుంచి చూడటానికి ఇన్‌ఫెడ్ (క్యాంపస్ బయట కూడా సంస్థ లాగిన్‌తో జర్నళ్లు తెరిచే ఇన్‌ఫ్లిబ్‌నెట్ ఏర్పాటు) ఖాతా ఉందా?
- ఎన్-లిస్ట్ జాబితాలో నా పేరు ఉందా?
- డెల్‌నెట్ (లైబ్రరీలు ఒకదానికొకటి పుస్తకాలు, వ్యాసాలు ఇచ్చిపుచ్చుకునే నెట్‌వర్క్) సభ్యత్వం ఉందా? వేరే లైబ్రరీ నుంచి వ్యాసం తెప్పించే వీలుందా?
- ప్రింట్ జర్నళ్ల పాత సంచికలు, బౌండ్ వాల్యూములు ఎక్కడ పెట్టారు?

వెళ్లేటప్పుడు ఐడీ కార్డు, రోజూ చూసే ఈమెయిల్, ఒక నోటుబుక్కు దగ్గర ఉండాలి. అన్నయ్య మెయిలో, నెట్ సెంటర్ వాళ్లు తెరిచిన మెయిలో ఇవ్వకండి. పాస్‌వర్డ్ మారినప్పుడల్లా వాళ్ల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

2. ప్రశ్నను మాటలుగా విడగొట్టండి

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. టాపిక్ పేరు మొత్తాన్ని తీసుకెళ్లి సెర్చ్ బాక్సులో పెట్టేస్తారు. "నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలో తాగునీటిలో ఫ్లోరైడ్ వల్ల మహిళలకు కలిగే ఆరోగ్య సమస్యలపై ఒక అధ్యయనం" అన్న వాక్యానికి సరిగ్గా సరిపోయే వ్యాసం ఎవరూ రాసి ఉండరు. రాసి ఉంటే మీ గైడ్ మీకు ఆ టాపిక్ ఇచ్చేవారే కాదు.

ఒక కాగితం మీద మూడు నిలువు గళ్లు గీయండి. మొదటి గడిలో విషయం, రెండో గడిలో ఎవరికి లేదా ఏ కోణంలో, మూడో గడిలో ఎక్కడ అని రాయండి. ఒక్కో గడి కింద అదే అర్థం వచ్చే మాటలు ఎన్ని తోస్తే అన్ని వేయండి. పై టాపిక్‌కి ఇలా వస్తాయి.

- విషయం: ఫ్లోరైడ్, ఫ్లోరోసిస్, డెంటల్ ఫ్లోరోసిస్, స్కెలిటల్ ఫ్లోరోసిస్, ఎండెమిక్ ఫ్లోరోసిస్, గ్రౌండ్‌వాటర్ క్వాలిటీ, డ్రింకింగ్ వాటర్
- ఎవరికి, ఏ కోణం: విమెన్, జెండర్, హెల్త్ రిస్క్, క్వాలిటీ ఆఫ్ లైఫ్, డిసెబిలిటీ
- ఎక్కడ: నల్గొండ, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఇండియా

"అధ్యయనం", "ప్రభావం", "సమస్యలు", "పాత్ర" లాంటి మాటలు వదిలేయండి. అవి అన్ని వ్యాసాల్లోనూ ఉంటాయి, ఏ వ్యాసాన్నీ పట్టివ్వవు.

ఒకే సమస్యను ఒక్కో శాస్త్రం ఒక్కో మాటతో పిలుస్తుందని గుర్తుంచుకోండి. ఫ్లోరైడ్ గురించి భూగర్భ శాస్త్రవేత్త హైడ్రోజియోకెమిస్ట్రీ అని, గ్రానైట్ అక్విఫర్ అని రాస్తాడు. డాక్టరు ఫ్లోరోసిస్ అంటాడు. ఇంజినీరు డీఫ్లోరిడేషన్ అంటాడు. సోషియాలజీ వాళ్లు వాటర్ క్రైసిస్ అనో, స్టిగ్మా అనో రాయవచ్చు. మీ సబ్జెక్టు వాళ్లు ఏ మాట వాడుతున్నారో పట్టుకుంటే సగం పని అయినట్టే.

పాలమూరు వలసల మీద పనిచేసేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. ఉత్త "మైగ్రేషన్" అని కొడితే అమెరికా వెళ్లిన సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల దాకా అన్నీ వచ్చి పడతాయి. సీజనల్ మైగ్రేషన్, సర్క్యులర్ మైగ్రేషన్, డిస్ట్రెస్ మైగ్రేషన్, లేబర్ మైగ్రేషన్ అని విడివిడిగా వెతకండి. కూలీలను తీసుకెళ్లే గుంపు మేస్త్రీని వ్యాసాల్లో మేస్త్రీ, మైస్త్రీ, జాబర్, లేబర్ కాంట్రాక్టర్ అని రకరకాలుగా రాశారు. "లేబర్" అనే మాటకే బ్రిటిష్, అమెరికన్ స్పెల్లింగులు వేరు. రెండూ వేయాలి.

3. ఊరి పేరుతో జాగ్రత్త

మన జిల్లాల మీద పరిశోధన చేసేవాళ్లను బయటి గైడ్లు హెచ్చరించని విషయం ఇది. కొంచెం వివరంగా చెప్తాను.

మహబూబ్‌నగర్ స్పెల్లింగ్ చూడండి. "మహ" తర్వాత ఇంగ్లిషు 'ఏ' ఉన్న రూపం ఒకటి, లేని రూపం ఒకటి. "బూ" దగ్గర ఒక 'యు' వేసేవాళ్లున్నారు, రెండు 'ఓ'లు వేసేవాళ్లున్నారు. "నగర్"ను కలిపి రాసేవాళ్లు, విడదీసి రాసేవాళ్లు ఉన్నారు. పాలమూరులో కూడా చివర 'ఓ' రెండుసార్లు వచ్చే రూపం, 'యు'తో రాసే రూపం రెండూ ఉన్నాయి. ఒక్క స్పెల్లింగుతో వెతికి "ఏమీ లేవు" అనుకోవడం తొందరపాటు.

దగ్గర పేర్లతో కూడా తికమక వస్తుంది. పాత వరంగల్ జిల్లాలోని మహబూబాబాద్ వేరు. జార్ఖండ్‌లోని పలామూ వేరు. ఫలితాల్లో ఇవి కలిసిపోయి వస్తుంటాయి, చూసుకోండి.

జిల్లాలు విడిపోయిన సంగతి మరవకండి. 2016 అక్టోబరు 11కు ముందు రాసిన వ్యాసంలో "నల్గొండ జిల్లా" అంటే సూర్యాపేట, భువనగిరి కూడా అందులోవే. "మహబూబ్‌నగర్ జిల్లా" అంటే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కలిపి. నారాయణపేట 2019లో విడిపోయింది. కాబట్టి గద్వాల చేనేత మీద వెతికేవాళ్లు గద్వాల అని ఒకసారి, మహబూబ్‌నగర్ అని ఒకసారి వెతకాలి. పాత లెక్కలను కొత్త జిల్లా లెక్కలతో నేరుగా పోల్చకూడదు.

2014 జూన్ 2కు ముందటి వ్యాసాల్లో రాష్ట్రం పేరు ఆంధ్రప్రదేశ్ అనే ఉంటుంది. "తెలంగాణ" అన్న ఒక్క మాటతో వెతికితే అవి చాలావరకు జారిపోతాయి.

ఇక నల్గొండకు మాత్రమే ఉన్న చిక్కు. ఫ్లోరైడ్, నల్గొండ అని కొడితే ఇథియోపియా, టాంజానియా, కెన్యా వ్యాసాలు వస్తాయి. కంగారు పడకండి. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో నీళ్లలోని ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని రూపొందించింది. దాని పేరే నల్గొండ టెక్నిక్. ఆఫ్రికాలోనూ దాన్ని వాడి చూశారు. మీకు కావలసింది మన జిల్లా అయితే "నల్గొండ డిస్ట్రిక్ట్" అని కొటేషన్ గుర్తుల్లో పెట్టండి, లేదా "టెక్నిక్" అనే పదాన్ని మైనస్ గుర్తుతో తీసేయండి. నీటి శుద్ధి మీద పనిచేసే ఎంఎస్సీ విద్యార్థులకైతే ఆ ఆఫ్రికా వ్యాసాలే పనికొస్తాయి.

చిన్న ఊరి పేరుతో కూడా ఒకసారి వెతికి చూడండి. పటాన్‌చెరు ఇక్రిశాట్ 1975లో మొదలుపెట్టిన గ్రామ అధ్యయనాల్లో పాలమూరు జిల్లా గ్రామాలు రెండున్నాయి: దోకూరు, ఔరేపల్లి. మెట్ట వ్యవసాయం, అప్పులు, కూలి, వలసల మీద ఎన్నో అంతర్జాతీయ వ్యాసాలు ఈ రెండు ఊళ్ల పేర్ల మీదే ఉన్నాయి. జిల్లా పేరుతో వెతికేవాళ్లకు అవన్నీ కనపడకపోవచ్చు. ఔరేపల్లి ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలోకి పోయింది కూడా.

4. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ వరుసలో

కింది వరుస పాటించండి. అన్నీ ఒకేసారి తెరిస్తే ఏది ఎక్కడ చూశారో గుర్తుండదు.

మొదట గూగుల్ స్కాలర్. మామూలు గూగుల్ కాదు. మామూలు గూగుల్‌లో వార్తలు, కోచింగ్ సెంటర్ల నోట్సు, బ్లాగులు కలిసి వస్తాయి. ఏ మాటతో వెతికితే ఏం వస్తుందో స్కాలర్‌లో త్వరగా తెలుస్తుంది. దాని సెట్టింగ్స్‌లో లైబ్రరీ లింక్స్ అనే చోట మీ యూనివర్సిటీ పేరు ఉందేమో చూడండి. ఉంటే ఎంచుకోండి. మీ లైబ్రరీ ద్వారా తెరుచుకునే వ్యాసం పక్కన లింకు కనపడుతుంది.

రెండోది ప్రచురణ సంస్థల సైట్లు. సైన్స్ వాళ్లకు ఎల్సెవియర్ వాళ్ల సైన్స్‌డైరెక్ట్, స్ప్రింగర్, వైలీ. సోషల్ సైన్స్ వాళ్లకు సేజ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్. వైద్యం, పోషకాహారం, జీవశాస్త్రాల వాళ్లకు పబ్‌మెడ్ అనే వైద్య వ్యాసాల డేటాబేసు తప్పనిసరి. అందులో వెతకడం పూర్తిగా ఉచితం.

మూడోది శోధ్‌గంగ. ఇక్కడ జర్నల్ వ్యాసాలు ఉండవు, దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లు ఉంటాయి. అయినా ఎందుకు చెప్తున్నానంటే, మీ టాపిక్‌కి దగ్గరగా ఉన్న ఒక మంచి థీసిస్ దొరికితే దాని లిటరేచర్ రివ్యూ, చివర బిబ్లియోగ్రఫీ మీకు వ్యాసాల జాబితాను పళ్లెంలో పెట్టి ఇస్తాయి. నల్గొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007లో, పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చాయి. అంతకుముందు ఈ జిల్లాలు ఉస్మానియా పరిధిలోవి. అందుకని పాత థీసిస్‌ల కోసం ఉస్మానియా పేరు కింద చూడండి. థీసిస్‌లోని రివ్యూ వాక్యాలను మాత్రం ఎత్తి రాయకండి. అక్కడ చెప్పిన వ్యాసాన్ని తెప్పించుకుని మీరే చదివి రాయాలి.

నాలుగోది డీఓఏజే. ఓపెన్ యాక్సెస్, అంటే ఎవరైనా ఉచితంగా చదవగలిగే జర్నళ్ల డైరెక్టరీ ఇది. ఇందులో దొరికిన వ్యాసానికి ఏ లాగిన్ అక్కర్లేదు.

ఆర్థిక, సామాజిక శాస్త్రాల వాళ్లు ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీని విడిగా చూడాలి. 1966 నుంచి వస్తున్న ఈ వారపత్రికలో తెలంగాణ చెరువులు, భూములు, వలసలు, మైక్రోఫైనాన్స్ మీద విలువైన రచనలున్నాయి. పాత సంచికలు జేస్టోర్ అనే ఆన్‌లైన్ జర్నళ్ల భాండాగారంలో కూడా ఉంటాయి. మీ లైబ్రరీలో ప్రింట్ కాపీలు ఉంటే అవి తిరగేయడం ఇంకా మేలు.

5. సెర్చ్ బాక్సులో రాసే తీరు

ఈ నాలుగు కిటుకులు చాలు.

- రెండు మూడు పదాలు విడదీయకుండా ఒకే వరుసలో కావాలంటే కొటేషన్ గుర్తుల్లో పెట్టండి. "సీజనల్ మైగ్రేషన్" అని పెడితే ఆ రెండు పదాలూ పక్కపక్కనే ఉన్న వ్యాసాలు వస్తాయి.
- ఇదో అదో ఏదైనా పర్లేదు అనుకుంటే మధ్యలో 'ఆర్' అనే ఇంగ్లిషు మాట పెద్ద అక్షరాల్లో వేయండి. మహబూబ్‌నగర్ ఆర్ పాలమూర్, ఇలా.
- వద్దనుకున్న పదం ముందు మైనస్ గుర్తు పెట్టండి. గుర్తుకూ పదానికీ మధ్య ఖాళీ ఉండకూడదు. ఇది గూగుల్ స్కాలర్‌లో పనిచేస్తుంది. చాలా డేటాబేసుల్లో దీని బదులు 'నాట్' అని రాయాలి.
- ఫలితాలు మరీ ఎక్కువైతే అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లోకి వెళ్లి, పదాలు శీర్షికలో ఉండాలని ఎంచుకోండి.

మొదట రెండు గళ్ల మాటలతో వెతకండి. మరీ ఎక్కువ వస్తే మూడో గడి కలపండి. ఏమీ రాకపోతే ముందు ఊరు తీసేయండి. నల్గొండ మీద లేకపోతే ప్రకాశం జిల్లా మీద, రాజస్థాన్ మీద ఉన్న ఫ్లోరైడ్ వ్యాసం కూడా మీకు పనికొస్తుంది. "మా జిల్లా మీద లేదు కాబట్టి అసలు లేవు" అని సినాప్సిస్‌లో రాస్తే వైవాలో మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది.

6. ఏది చదవాలి, ఏది వదలాలి

వచ్చిన ప్రతి పీడీఎఫ్‌నీ డౌన్‌లోడ్ చేసి ఫోల్డర్ నింపకండి. ముందు శీర్షిక, తర్వాత అబ్‌స్ట్రాక్ట్ (మొదట్లో ఉండే సారాంశం), తర్వాత పట్టికలు, ముగింపు చూడండి. అప్పటికి అర్థమైపోతుంది, ఇది మీ పనికి సంబంధించిందా కాదా అని.

రివ్యూ ఆర్టికల్ అని ఉన్నది దొరికితే ముందు అదే చదవండి. ఒక విషయం మీద అప్పటివరకు వచ్చిన పరిశోధనలన్నీ ఒకచోట చర్చించి ఉంటాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు దీన్ని మించిన ఆసరా లేదు.

ఎడిటోరియల్, పుస్తక సమీక్ష, లెటర్ లాంటివి కూడా జర్నల్‌లోనే అచ్చవుతాయి. అవి పరిశోధన వ్యాసాలు కావు. పేజీ పైన ఏ రకమో రాసి ఉంటుంది, చూడండి.

సంవత్సరం వడపోత పెట్టేటప్పుడు ఆలోచించండి. కెమిస్ట్రీ, కంప్యూటర్స్ వాళ్లు గత ఐదేళ్లవి ముందు చూడటం సబబే. చరిత్ర, సోషియాలజీ, గ్రామీణ ఆర్థిక వ్యవస్థ వాళ్లు అలా పెడితే మూల రచనలన్నీ పోతాయి.

7. ఒక మంచి వ్యాసాన్ని పట్టుకుని మిగతావి లాగడం

నాకు అన్నింటికన్నా నమ్మకమైన దారి ఇదే. సరైన వ్యాసం ఒక్కటి దొరికితే చాలు, వెతుకులాట సులువవుతుంది.

వెనక్కి వెళ్లండి: వ్యాసం చివర రెఫరెన్సులు చదవండి. ఒకే పేరు మూడు నాలుగు వ్యాసాల్లో కనపడితే ఆ మనిషి రచన మీరు చదవాల్సిందే.

ముందుకు వెళ్లండి: గూగుల్ స్కాలర్‌లో వ్యాసం కింద "సైటెడ్ బై" అని అంకెతో ఉంటుంది. దాన్ని నొక్కితే ఈ వ్యాసాన్ని ప్రస్తావించిన తర్వాతి వ్యాసాలన్నీ వస్తాయి. 1998 నాటి వ్యాసం దగ్గర మొదలై నిన్నమొన్నటి దాకా రావచ్చు. ఆ జాబితా పైన ఉండే చిన్న పెట్టెలో టిక్ పెట్టి, ఆ వ్యాసాల్లోనే మళ్లీ నల్గొండ అనో, విమెన్ అనో వెతకవచ్చు.

పక్కకు కూడా చూడండి: వ్యాసం మొదట్లో కీవర్డ్స్ అని ఐదారు మాటలు ఇస్తారు. అవి మీ గళ్ల కాగితంలో లేకపోతే వెంటనే రాసుకోండి, వాటితో మళ్లీ వెతకండి.

8. పూర్తి వ్యాసం తెరవడం

వ్యాసం పేజీ తెరిచాక 30, 40 డాలర్లు అడుగుతూ ఒక బటన్ కనపడుతుంది. కార్డు బయటకు తీయకండి. విద్యార్థి తన జేబులోంచి కట్టాల్సిన డబ్బు కాదది. ఇలా చేయండి.

మొదటి మెట్టు: క్యాంపస్ నెట్‌వర్క్‌లో ఉన్నారో లేదో చూసుకోండి. లైబ్రరీలో కూర్చుని ఫోన్ డేటా మీద చూస్తే మీరు బయట ఉన్నట్టే లెక్క. మొబైల్ డేటా ఆపి క్యాంపస్ వైఫైకి మారండి, పేజీ మళ్లీ లోడ్ చేయండి.

రెండో మెట్టు: ఇంట్లో ఉంటే పేజీలో "ఇన్‌స్టిట్యూషనల్ లాగిన్" లేదా "యాక్సెస్ త్రూ యువర్ ఇన్‌స్టిట్యూషన్" అని ఉన్నదాన్ని నొక్కండి. ఫెడరేషన్ అడిగితే ఇన్‌ఫెడ్ ఎంచుకోండి.

మూడో మెట్టు: జాబితాలో మీ యూనివర్సిటీ పేరు వెతకండి. నల్గొండ వాళ్లకు ఇక్కడొక ప్రమాదం ఉంది. మహాత్మాగాంధీ యూనివర్సిటీ కేరళలోని కొట్టాయంలో కూడా ఉంది. తొందరలో దాన్ని నొక్కితే మీ పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొట్టినా తీసుకోదు. పేరు పక్కన నల్గొండ అని ఉందా లేదా చూసి నొక్కండి.

నాలుగో మెట్టు: మీ సంస్థ లాగిన్ పేజీలో వివరాలు ఇస్తే తిరిగి వ్యాసం పేజీకే తీసుకెళ్తుంది. ఇప్పుడు పీడీఎఫ్ తెరుచుకోవాలి.

ఇంకో మాట. లాగిన్ దొరికింది కదా అని సంచిక మొత్తాన్నీ వరసపెట్టి డౌన్‌లోడ్ చేయడం, సాఫ్ట్‌వేర్ పెట్టి లాగడం అసలు చేయవద్దు. ప్రచురణ సంస్థలు దాన్ని కనిపెట్టి మొత్తం క్యాంపస్‌కే యాక్సెస్ ఆపేయగలవు. మీ ఒక్కరి అత్యాశకు తోటి విద్యార్థులందరూ ఇబ్బంది పడతారు. పాస్‌వర్డ్ స్నేహితుల వాట్సాప్ గ్రూపులో పెట్టడం కూడా ఇలాంటిదే.

9. అయినా తెరుచుకోకపోతే

- గూగుల్ స్కాలర్‌లో వ్యాసం కింద "ఆల్ వర్షన్స్" నొక్కండి. రచయిత తన సంస్థ సైటులో ఉచిత ప్రతి పెట్టి ఉండవచ్చు.
- బ్రౌజర్‌లో అన్‌పేవాల్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకోండి. చట్టబద్ధమైన ఉచిత ప్రతి ఎక్కడైనా ఉంటే చూపిస్తుంది.
- వ్యాసం మీద డీఓఐ అని 10తో మొదలయ్యే నంబరు ఉంటుంది. దాన్ని డీఓఐ సైటులో వేస్తే సరైన పేజీకి తీసుకెళ్తుంది. లింకు పనిచేయనప్పుడు ఇదే దారి.
- రచయితకు మెయిల్ రాయండి. చాలామంది సంతోషంగా పంపిస్తారు.
- లైబ్రేరియన్‌కి పూర్తి వివరాలు ఇచ్చి డెల్‌నెట్ ద్వారానో, వేరే యూనివర్సిటీ ద్వారానో తెప్పించమని అడగండి.

మెయిల్ రాయడానికి మొహమాటపడే పిల్లలు మన దగ్గర ఎక్కువ. ఐదారు వాక్యాలు చాలు: మీ పేరు, కోర్సు, యూనివర్సిటీ, ఏ వ్యాసం, ఏ జర్నల్, ఏ సంవత్సరం, మీ టాపిక్ ఏమిటి, ఆ వ్యాసం ఎందుకు అవసరం, చదువు కోసం ఒక ప్రతి పంపగలరా అన్న అభ్యర్థన, ధన్యవాదాలు. "ప్లీజ్ సెండ్ పీడీఎఫ్" అని ఒక్క ముక్క రాసి పంపకండి. వారం పది రోజులు ఆగి, జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తు చేయండి.

1980లు, 90ల నాటి భారతీయ జర్నళ్లు కొన్ని ఆన్‌లైన్‌లో లేవు. వాటి కోసం హైదరాబాద్ వెళ్లక తప్పదు. అన్ని సబ్జెక్టుల పాత వాల్యూములకు ఉస్మానియా లైబ్రరీ, ఆర్థిక సామాజిక విషయాలకు బేగంపేటలోని సెస్ (సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్), పోషకాహారం, ఫ్లోరోసిస్‌లకు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, భూగర్భ జలాలకు ఎన్‌జీఆర్ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ). ముందుగా ఫోన్ చేసి బయటివాళ్లకు అనుమతి ఎలాగో కనుక్కోండి. మీ డిపార్ట్‌మెంట్ హెడ్ లేదా లైబ్రేరియన్ సంతకంతో ఒక లేఖ తీసుకెళ్లండి. వ్యాసాల వివరాలు, వాల్యూము, పేజీ నంబర్లతో సహా ముందే రాసుకుని వెళ్తే ఒక్క రోజులో పని ముగించుకుని సాయంత్రం బస్సుకు తిరిగి రావచ్చు.

10. తెలుగు, చరిత్ర విద్యార్థులకు

మీ దారి కాస్త వేరు. తెలుగులో టైప్ చేసినా ఫలితాలు ఎందుకు రావో ముందు తెలుసుకోవాలి. పాత తెలుగు పీడీఎఫ్‌లు చాలావరకు స్కాన్ చేసిన బొమ్మలు, లేదంటే అను ఫాంట్లలో చేసినవి. కంప్యూటర్లన్నీ గుర్తుపట్టే యూనికోడ్ అక్షరాలు కావు కాబట్టి సెర్చ్ ఇంజిన్ వాటిలోని అక్షరాలను గుర్తించదు. వ్యాసం ఉంటుంది, సెర్చ్‌లో కనపడదు.

అందుకని మూడు రకాలుగా వెతకండి: తెలుగు లిపిలో, ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన తెలుగులో, ఇంగ్లిషు అనువాదంలో. సురవరం ప్రతాపరెడ్డి గారి మీద వెతికేటప్పుడు ప్రతాపరెడ్డిని కలిపి, విడదీసి రెండు విధాలా వేయండి. ఆయన 1926లో స్థాపించిన పత్రికకు కూడా గోల్కొండ, గోల్కండ అని ఇంగ్లిషులో 'కె'తోనూ, 'సి'తోనూ స్పెల్లింగులున్నాయి. పానగల్లు, పిల్లలమర్రి ఆలయాల గురించి కూడా అంతే. పానగల్ అని, పనగల్ అని రెండూ చూడాలి.

సంచిక తెలిసి వ్యాసం తెలియనప్పుడు విషయసూచిక పేజీలు తిప్పడమే మార్గం. ఓపిక కావాలి. ఆ తిప్పడంలోనే మీరు అనుకోని వ్యాసాలు కూడా కంటపడతాయి.

11. నకిలీ జర్నళ్లను గుర్తుపట్టడం

పీర్ రివ్యూ అంటే వ్యాసాన్ని అచ్చు వేసేముందు ఆ రంగంలోని ఇతర నిపుణులు చదివి తప్పొప్పులు చెప్పడం. దానికి వారాలు, నెలలు పడుతుంది. మూడు రోజుల్లో అచ్చు, ఫీజు ఫోన్‌పే చేయండి అని వాట్సాప్‌లో వచ్చే జర్నల్లో ఆ పని జరగదు. అలాంటి దాంట్లోని లెక్కలు మీ థీసిస్‌లో పెడితే మీ పని కూడా పలుచన అవుతుంది.

- ఐఎస్ఎస్ఎన్ నంబరును (ప్రతి జర్నల్‌కీ ఇచ్చే గుర్తింపు అంకె) ఐఎస్ఎస్ఎన్ పోర్టల్‌లో వేసి, అదే పేరు వస్తుందా చూడండి.
- ఎడిటర్లు నిజంగా ఆ యూనివర్సిటీలో ఉన్నారా చూడండి.
- అన్ని శాస్త్రాలూ ఒకే జర్నల్లో కలిపేశారా? అనుమానించండి.
- ఓపెన్ యాక్సెస్ అని చెప్పుకుంటే డీఓఏజేలో ఉందా చూడండి.

యూజీసీ-కేర్ జాబితాలో (యూజీసీ ఆమోదించిన జర్నళ్ల పట్టిక) ఉంది అని ఇప్పటికీ ప్రచారం చేసుకునే జర్నళ్లున్నాయి. ఆ జాబితాను యూజీసీ 2025లో నిలిపేసింది. కాబట్టి ఆ ముద్ర చూసి నమ్మకుండా మీ గైడ్‌ని అడగండి.

12. దొరికినప్పుడే రాసిపెట్టుకోండి

"ఇది ఎక్కడో చదివాను" అన్న మాట థీసిస్ చివరి నెలలో చాలా బాధపెడుతుంది. ప్రతి వ్యాసానికీ రచయిత, సంవత్సరం, శీర్షిక, జర్నల్ పేరు, వాల్యూము, సంచిక, పేజీలు, డీఓఐ అప్పటికప్పుడే రాయండి. జొటేరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పనంతా తానే చేస్తుంది, రెఫరెన్సుల జాబితా కూడా తయారుచేస్తుంది. సొంత లాప్‌టాప్ లేనివాళ్లకు ఒక పొడవాటి రిజిస్టరు చాలు.

పీడీఎఫ్ పేరు అంకెల గజిబిజిగా వదలకండి. సంవత్సరం, రచయిత ఇంటిపేరు, విషయం అని మార్చి సేవ్ చేయండి.

ఏ రోజు, ఎక్కడ, ఏ మాటలతో వెతికారో కూడా ఒక పేజీలో రాస్తూ ఉండండి. వెతికిందే మళ్లీ వెతకకుండా కాపాడుతుంది. లిటరేచర్ రివ్యూలో "ఈ విధంగా వెతికాను" అని రాయడానికి ఆధారమూ అదే.

13. తరచూ ఎదురయ్యే ఇబ్బందులు, వాటికి మందు

వేల ఫలితాలు వస్తున్నాయి: కొటేషన్ గుర్తులు పెట్టండి, శీర్షికలోనే వెతకండి, మూడో గడి మాట కలపండి.

ఒక్కటీ రావట్లేదు: ఊరు తీసేయండి, స్పెల్లింగ్ మార్చండి, కొటేషన్ గుర్తులు తొలగించండి. అయినా రాకపోతే మీ మాట ఆ సబ్జెక్టు వాళ్లు వాడే మాట కాదు. ఒక రివ్యూ ఆర్టికల్ తెరిచి కీవర్డ్స్ చూడండి.

నిన్న తెరుచుకున్నది ఇవాళ తెరుచుకోవట్లేదు: లాగిన్ గడువు తీరి ఉంటుంది. బయటకు వచ్చి మళ్లీ లాగిన్ అవ్వండి, బ్రౌజర్ కుకీలు తీసేయండి.

లాగిన్ సరిగ్గానే ఉంది, ఈ ఒక్క వ్యాసమే రావట్లేదు: ఆ జర్నల్ గానీ, ఆ పాత సంవత్సరాలు గానీ సబ్‌స్క్రిప్షన్‌లో లేకపోవచ్చు. తొమ్మిదో భాగంలో చెప్పిన దారులు చూడండి.

పాస్‌వర్డ్ మెయిల్ రాలేదు: స్పామ్ ఫోల్డర్ చూడండి. అక్కడా లేకపోతే లైబ్రరీలో మీ మెయిల్ స్పెల్లింగ్ ఎలా నమోదు చేశారో వెళ్లి సరిచూడండి.

ఇంగ్లిషు వ్యాసం అర్థం కావట్లేదు: అబ్‌స్ట్రాక్ట్, ముగింపు ముందు చదివి, తెలుగులో నాలుగు వాక్యాలు మీ మాటల్లో రాయండి. తర్వాత మధ్యలోకి వెళ్లండి. పట్టికల్లోని అంకెలను మాత్రం మూలంతో సరిచూసుకున్నాకే మీ కాగితంలోకి ఎక్కించండి.